ఊరు విడువని రసాయనాచార్యుడు – పాల్ సబాత్యే

విద్య వికసించుటకు రాజధానియే తగిన తావనియు, పల్లెలును చిన్న పట్టణములును ఆ వెలుగును దూరమునుండి చూచి సంతసింపవలసినవే యనియు తలచువారు ఏ దేశమునందైనను కలరు. ఈ తలంపు మన సారస్వత చరిత్రయెదుట నిలువదు. పోతనామాత్యుడు రాజాశ్రయమును గోరక, సేద్యము చేసికొని బ్రదుకుచు భాగవతమును తెనిగించెనని పెద్దలు చెప్పుదురు. అయితే కవిత్వమునకు తాటాకును గంటమును చాలుననియు, శాస్త్రపరిశోధనకు ప్రయోగశాలలు, ధనము, ప్రభుత్వపు ప్రాపు కావలయుననియు, అవి రాజధానులకే చెల్లుననియు కొంద రనవచ్చును. అట్టి మాటకు సమాధానముగా నిలిచిన జీవితములలో ఫ్రాన్సు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు పాల్ సబాత్యే జీవిత మొకటి. పారిస్ నగరము పిలిచినను పోక, టూలూజ్ అను దక్షిణదేశపు పట్టణముననే ఆయన దాదాపు అరువది యేండ్లు నివసించెను. చవుకలోహమైన నికెలును చేతబట్టి కర్బన రసాయనశాస్త్రపు త్రోవను మార్చెను. ఆయన చూపిన మార్గముననే నూనెను నేతివలె గడ్డకట్టించు విద్య పుట్టినది. అదియే డాల్డా డబ్బా రూపమున తెలుగు పల్లెల వంటయిండ్లకును వచ్చినది. దానివలన గలిగిన మేలును కీడును గూడ తెలిసికొనదగినవే.

పాల్ సబాత్యే 1854వ సంవత్సరము నవంబరు 5వ తేదీన ఫ్రాన్సు దక్షిణభాగముననున్న కార్కసాన్ పట్టణమున జన్మించెను. కార్కసాన్ పురాతనమైన కోటగోడలకు పేరుగన్న ఊరు. బాల్యవిద్య ముగిసిన పిదప అతడు 1874లో పారిస్‌లోని ఎకోల్ నార్మాల్ అను ప్రసిద్ధ విద్యాపీఠమున ప్రవేశించి, 1877లో భౌతికశాస్త్రపు పట్టపరీక్షయందు ప్రథముడుగా నుత్తీర్ణుడయ్యెను. ఒక యేడు నీమ్ పట్టణమున బడిపంతులుగా పనిచేసెను. 1878లో మార్సెలిన్ బెర్తెలో అను మహాపండితునికి సహాయకుడై మరల పారిస్ చేరెను. ఆనాడు ఫ్రాన్సు రసాయనశాస్త్రమున బెర్తెలో మాట శాసనమువంటిది; అనంతరకాలమున ఆయన మంత్రిపదవి నలంకరించెను గూడ. ఆయనయొద్దనే సబాత్యే గంధకమును, లోహములతో కూడిన గంధక సమ్మేళనములను పరిశీలించి, వాని పుట్టుకయందు వెలువడు వేడిని కొలిచి, 1880లో డాక్టరు పట్టమును పొందెను.

అట్టి గురువు ప్రాపుగల యువకుడు పారిస్‌లోనే నిలిచియుండినచో ఎవరును వింతపడియుండరు. సబాత్యే బోర్డో పట్టణమున ఒక యేడు బోధించి, 1882లో టూలూజ్ విశ్వవిద్యాలయమునకు వచ్చెను. మొదట భౌతికశాస్త్రమును, తరువాత రసాయనశాస్త్రమును బోధించి, 1884లో తన ముప్పదియవ యేట రసాయనశాస్త్రాచార్యు డయ్యెను. ఆ పీఠమునుండి ఆయన లేచినది 1930లోనే. నలుబదియారేండ్లు ఒకే ఊర, ఒకే పీఠమున గడచెను. చుట్టుపట్ల సేద్యగాండ్రకు పనికివచ్చు విద్యయందును ఆయనకు శ్రద్ధ మెండు; 1890లోనే వ్యవసాయ రసాయనమునుగూర్చి ప్రాథమిక పాఠముల పుస్తకమును ప్రకటించెను.

ఆయన ప్రతిభ తెలియవలెనన్న ఉత్ప్రేరక మనునది యేమో మొదట తెలియవలెను. రెండు పదార్థములు ఒకచోట నున్నను కొన్నిమార్లు వానికి పొత్తు కుదురదు. మూడవ పదార్థ మొకటి నడుమ చేరినచో వెంటనే కుదురును. ఆ మూడవది మాత్రము తాను ఖర్చుగాక మిగులును. పెండ్లిండ్ల పేరయ్య ఇరువైపులవారిని కలిపి, తాను మరియొక యింటికి సాగిపోవును గదా, అట్టిదే ఇదియును. 1823లో జర్మనీ పండితుడు డోబరైనర్, ప్లాటినము పొడిపై ఉదజని యనబడు హైడ్రోజన్ వాయువును ప్రసరింపజేయగా అది గాలిలో తనంత మండుటను చూపెను. స్వీడను దేశపు బెర్జీలియస్ ఇట్టి వింతలన్నిటిని ఒకచోట చేర్చి 1835లో వానికొక పేరు పెట్టెను. పేరు దొరకినది గాని, కారణము దొరకలేదు. పైగా ప్లాటినము బంగారమువలె విలువైన లోహము. దానితో ప్రయోగము చేయవచ్చును గాని, పుట్లకొలది సరకును తయారుచేయుట ఎట్లు?

సబాత్యేకు దారిచూపిన సంగతి ఇంగ్లండునుండి వచ్చినది. 1890లో లుడ్విగ్ మాండ్ అను పండితుడు తన సహచరులతో గూడి, మెత్తని నికెలు పొడిపై కార్బన్ మోనాక్సైడు వాయువును పంపగా అవి రెండును కలిసి, 43 డిగ్రీల వేడికే ఆవిరియై పోవు ద్రవముగా మారెనని ప్రకటించెను. గట్టి లోహ మొకటి వాయువు చేయి పట్టుకొని గాలిలో నెగిరిపోవుట శాస్త్రలోకమున కాశ్చర్యమును గలిగించెను. ఎందరో ఆ వార్తను చదివిరి. సబాత్యే చదివి ఒక ప్రశ్న వేసికొనెను: ఈ యొక వాయువు నికెలును పట్టుకొనగలిగినచో, దానివలెనే లోపలి బంధములు పూర్తిగా తీరని తక్కిన వాయువులును లోహముల నేల పట్టుకొనరాదు?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుటలో ఆయనకు తోడైనవాడు జాన్-బాతిస్త్ సెండరెన్స్. ఈయన 1856లో పిరనీసు పర్వతప్రాంతమున పుట్టిన క్రైస్తవ మతాచార్యుడు; టూలూజ్‌లోని కాథలిక్ విద్యాపీఠమున రసాయనశాస్త్రమును బోధించుచుండెను. ప్రభుత్వ విద్యాలయపు ఆచార్యుడును, చర్చి గురువును ఒకే బల్లయొద్ద పనిచేయుట ఆనాటి ఫ్రాన్సులో సామాన్యవిషయము కాదు. మతమును ప్రభుత్వమును వేరుచేయవలెనను వాదము దేశమంతట వ్యాపించి, 1905లో శాసనమైన కాలమది. అయినను వీరిరువురు నత్రజని వాయుభేదములను రాగి, కోబాల్టు, నికెలు పొడులపై ప్రసరింపజేసి, లోహములు వానిని పట్టుకొనుట కనుగొనిరి.

తరువాత ఎథిలీన్, ఎసిటిలీన్ వాయువులను పరీక్షింపదలచుచుండగా 1896లో పారిస్‌నుండి ఒక వార్త వచ్చెను. హెన్రీ మ్వాసాన్, షార్ల్ మూర్యూ అను పండితులు ఎసిటిలీన్‌ను, అనగా పూర్వపు కార్బైడు దీపములలో మండిన వాయువునే, నికెలు పొడిపై పంపిరి. పొడి ఎఱ్ఱగా కాలి వెలిగెను, బొగ్గు పేరుకొనెను, వెలువడిన వాయువు ఉదజనియే యని వారు వ్రాసిరి. లోహపు పొడి సందులలో వాయువు ఇరుకుకొని వేడెక్కుటయే దీనికి కారణమని తేల్చిరి. సబాత్యేకు ఆ తీర్పు రుచింపలేదు. కాని పరుల పొలమున అడుగిడుట మర్యాద కాదని, ఈ పని మీరు కొనసాగింతురా యని మ్వాసాన్‌ను అడిగెను. కొనసాగింపబోమని జవాబు వచ్చిన తరువాతనే ఆయన గాజుగొట్టమును పొయ్యిపై నెక్కించెను.

1897లో సబాత్యే, సెండరెన్సులు ఎసిటిలీన్‌కు బదులు నెమ్మదియైన ఎథిలీన్‌ను తీసికొని, 300 డిగ్రీల వేడిలోనున్న నికెలుపై పంపిరి. బొగ్గు పేరుకొనినది. వెలువడిన వాయువును వారు ఊరక ఉదజని యనుకొనక పరీక్షించి చూచిరి. అందులో ఉదజని కొంచెమే, ఎక్కువభాగము ఈథేన్. ఎథిలీన్‌కు రెండు ఉదజని పరమాణువులు చేరినచో ఈథేన్ అగును. కావున కొంత ఎథిలీన్ విరిగి ఉదజనిని విడువగా, మిగిలిన ఎథిలీన్ దానిని స్వీకరించినదన్నమాట. ఆ చేర్పు జరిపించినది నికెలు. వెంటనే వారు ఎథిలీన్‌తో ఉదజనిని చేతులార కలిపి పంపిరి. ఆ రెండును సులువుగా కూడి ఈథేన్ అయ్యెను. పారిస్‌లో మహాపండితులు చూచి విడిచిన గొట్టములో టూలూజ్ ఉపాధ్యాయులకు ఒక నూతన శాస్త్రశాఖ దొరకెను. వారికన్న మేలైన పరికరములుండుట దీనికి కారణము కాదు. గొట్టము చివర వచ్చిన వాయువును తూచి, పరీక్షించి, లెక్క సరిపోవువఱకు విడువకుండుటయే కారణము.

అటుపిమ్మట ఫలితములు వరుసగా వచ్చెను. 1901లో బెంజీను ఆవిరిని ఉదజనితో కలిపి, సుమారు 180 డిగ్రీల వేడిలో నికెలుపై పంపగా అది సైక్లోహెక్సేన్‌గా మారెను. బెంజీను అణువులో ఆరు కర్బన పరమాణువులు ఉంగరమువలె నుండును. ఆ ఉంగరమును విరువకుండ ఉదజనిని చేర్చుట అంతవఱకు మిక్కిలి కష్టసాధ్యము. ఆ సైక్లోహెక్సేనే తరువాతి కాలమున నైలాను పరిశ్రమకు ముడిసరకయ్యెను. నైట్రోబెంజీనును రాగిపొడిపై పంపి రంగుల పరిశ్రమకు మూలమైన అనిలీనును తీసిరి. 1902లో బొగ్గుపులుసు వాయువును ఉదజనితో నికెలుపై పంపి మిథేన్ వాయువును, నీటిని పొందిరి. ఈ చివరిదానికి నేటికిని సబాత్యే చర్య యనియే పేరు.

నికెలును సిద్ధపరచు విధానము చెప్పుట కల్పమే గాని చేయుట సులువు కాదు. నికెలు ఆక్సైడును సుమారు 300 డిగ్రీల వేడిలో ఉదజనితో శుద్ధిచేయగా మిక్కిలి మెత్తని లోహపు పొడి మిగులును. గాలి సోకినచో అది తనంత రగులుకొనును. 1947లో మన దేశమున ముద్రించిన నికెలు రూపాయియు ఆ లోహమే. కాని రూపాయి బిళ్లపై ఎంత ఉదజనిని పంపినను గుణము కనబడదు. పొడి మెత్తనైనకొలది లోహపు ముఖము విశాలమగును. కార్యమంతయు ఆ ముఖముననే జరుగును. గంధకము, పాషాణము, క్లోరిను మున్నగునవి లేశమాత్రము తగిలినను ఆ పొడి నిర్జీవమగును. సబాత్యే వీనిని విషము లనియే పిలిచెను.

ఈ వింతకు ఆయన చెప్పిన కారణమే ఆయన కీర్తికి నిజమైన పునాది. వాయువులు లోహపు రంధ్రములలో ఇరుకుకొని ఒత్తిడివలన కలియునని ఆనాటి పెద్దల మతము. సబాత్యే దాని నంగీకరింపలేదు. లోహము ఉదజనితో క్షణకాలము నిజముగానే రసాయనబంధమును గట్టుకొనుననియు, ఆ బంధము బలహీనము గావున దానిని వెంటనే రెండవ పదార్థమునకు అప్పగించి తాను విముక్తమగుననియు ఆయన వాదించెను. ఏటి బల్లకట్టును తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. బల్లకట్టు ప్రయాణికుని ఎక్కించుకొనవలెను, ఆవలియొడ్డున దింపవలెను. ఎక్కనీయని బల్లకట్టు పనికిరాదు. ఎక్కినవాడు దిగనిచో అదియు పనికిరాదు. పట్టును మరీ గట్టిగా గాక, మరీ వదులుగా గాక యుండు లోహమే మంచి ఉత్ప్రేరకము. గంధకము ఎక్కి దిగని ప్రయాణికుడు. అందుచేతనే అది విషము. ఈ సూత్రమును శాస్త్రజ్ఞులు సబాత్యే సిద్ధాంతమని వ్యవహరింతురు. నూతన ఉత్ప్రేరకములను వెదకువారికి నేటికిని ఇది దారిదీపము.

1907లో ఆయనకు పరీక్షాసమయము వచ్చెను. ఆ యేడు మ్వాసాన్, బెర్తెలో ఇరువురును గతించిరి. సోర్బాన్‌లో మ్వాసాన్ పీఠమును, కాలేజ్ ద ఫ్రాన్సులో బెర్తెలో పీఠమును స్వీకరింపుమని సబాత్యేకు పిలుపులు వచ్చెను. ఒకటి తన గురువు కూర్చున్న పీఠము. రెండవది తాను ఒకనాడు అనుమతి నడిగిన పండితుని పీఠము. ఫ్రాన్సు రసాయనశాస్త్రమున ఇంతకుమించిన గౌరవము లేదు. సబాత్యే రెండింటిని కాదని టూలూజ్‌లోనే నిలిచెను. 1905నుండి 1929వఱకు అచ్చటి విజ్ఞానవిభాగమునకు అధిపతియై, రసాయనము, విద్యుచ్ఛక్తి, వ్యవసాయము అను మూడు విషయములకు వేర్వేరు విద్యాసంస్థలు వెలయుటకు పాటుపడెను. తాను పారిస్ పోవుటకన్న, పారిస్‌లో దొరకు విద్య టూలూజ్ బాలురకు తమ యూరనే దొరకునట్లు చేయుట మేలని ఆయన తన పనిచేతనే చూపెను.

1912లో నోబెల్ బహుమానము ఆయనను వెదకికొని టూలూజ్‌కే వచ్చెను. మెత్తగా విడదీసిన లోహముల సాన్నిధ్యమున కర్బన పదార్థములకు ఉదజనిని చేర్చు పద్ధతికిగాను ఆ సమ్మానము లభించెను. దానిని ఆయనతో పంచుకొనిన విక్టర్ గ్రీన్యార్ అప్పుడు నాన్సీ విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. ఆ యేటి రసాయన బహుమానము ఫ్రాన్సుకే దక్కినను, పారిస్‌కు మాత్రము దక్కలేదు. మరుసటి యేడు మరియొక విశేషము జరిగెను. ఫ్రాన్సు విజ్ఞాన పరిషత్తునందు పూర్ణసభ్యత్వము పొందవలెనన్న పారిస్‌లో కాపురముండవలెనని అంతవఱకు నియమము. సబాత్యే పారిస్ వచ్చుటకు బదులు ఆ నియమమే కదలెను. వెలుపలి పట్టణములవారికై ఆరు స్థానములను క్రొత్తగా నేర్పరచి, 1913లో వానికి మొదట సబాత్యేనే ఎన్నుకొనిరి. ఇంగ్లండు రాయల్ సొసైటీవారును 1915లో డేవీ పతకము నొసగి గౌరవించిరి.

అయితే చరిత్ర వ్రాయువారు పొగడ్తతోనే నిలువరాదు. నోబెల్ బహుమానమున సెండరెన్స్ పేరు లేదు. 1897లో ఎథిలీన్ ప్రయోగమునందును, 1901లో బెంజీను ప్రయోగమునందును, 1902లో మిథేన్ ప్రయోగమునందును పత్రముల మీద రెండు పేర్లుండెను. 1905లో ఫ్రాన్సు విజ్ఞాన పరిషత్తువారు జెకర్ బహుమానమును ఇరువురికి కలిపియే ఇచ్చిరి. సబాత్యే తన నోబెల్ ఉపన్యాసమున సెండరెన్స్ సహకారమును పేర్కొనెను. కాని పతకమున పేరుండుటయు, ఉపన్యాసమున పేరుండుటయు ఒకటి కావు. సెండరెన్స్ తన పరిశోధనలు మానక సాగించి, 1922లో విజ్ఞాన పరిషత్తునకు లేఖక సభ్యుడై, 1937లో కీర్తిశేషు డయ్యెను. టూలూజ్‌లో కూర్చున్న సబాత్యేను పారిస్ గుర్తించునట్లు చేసిన శాస్త్రలోకము, ఆ ప్రయోగశాలలోనే ప్రక్కన నిలిచిన వానిని తగినట్లు గుర్తింపలేదు. ఈ యుదంతమును చెప్పినప్పుడెల్ల రెండు పేర్లును చెప్పుట న్యాయము.

ఇక నూనె కథ. సబాత్యే, సెండరెన్సులు ఆవిరులతో పనిచేసిరి. నూనె ఆవిరిగా మారకముందే మాడిపోవును. వారి పత్రములు అచ్చులో వచ్చినవి; వానిని జర్మనీలోని హెర్ఫోర్డ్ అను చిన్న పట్టణమున విల్హెల్మ్ నార్మన్ అను రసాయనికుడు చదివెను. ద్రవముగానున్న కొవ్వులోనే నికెలు పొడిని కలిపి, అందులోనికి ఉదజనిని పంపినచో నేమగునో 1901లో పరీక్షించి, 1902లో జర్మనీ ప్రభుత్వమునుండి పేటెంటు హక్కును పొందెను. నూనెలలోనుండు ఒలీయికామ్లము 13, 14 డిగ్రీల వేడికే కరగి ద్రవమగును. దానికి రెండు ఉదజని పరమాణువులు చేరినచో స్టియరికామ్ల మగును. అది 69 డిగ్రీలు దాటినగాని కరగదు. ఇంత చిన్న చేర్పుతో నూనె గడ్డయగుచున్నది. ఇంగ్లండులోని సబ్బు కర్మాగారములు ఈ విద్యను చేపట్టెను. అమెరికాలో 1911నుండి పత్తిగింజల నూనెను ఈ రీతిగా గడ్డకట్టించి వంటకొవ్వుగా విక్రయించిరి.

మన దేశమునకు ఈ సరకు మొదట ఐరోపానుండి దిగుమతియై వచ్చెను. తరువాత ఇచ్చటనే కర్మాగారములు లేచెను. 1937లో డాల్డా అను పేరు బజారున కెక్కెను. కొలదికాలములోనే ఆ పేరు సరకునకే పేరయ్యెను. ఏ కంపెనీవారి వనస్పతిని కొన్నను తెలుగువారు డాల్డా యనియే పిలిచిరి. నేయి కొనలేని యిండ్లకు అది పండుగనాటి పిండివంటలను సాధ్యము చేసినది. చాలకాలము చెడిపోక నిలువయుండినది. ఖాళీ డబ్బా బియ్యము కొలుచుటకును, పప్పులు పోసికొనుటకును, తులసిమొక్క నాటుటకును పనికివచ్చెను. కాని నేతిలో దీనిని కలిపి నేయిగా నమ్మువారును బయలుదేరిరి. గాంధీమహాత్ముడు దీనిని గట్టిగా విమర్శించెను. 1950లో దీని తయారీనే నిషేధింపవలెనని ఠాకూర్ దాస్ భార్గవ పార్లమెంటులో బిల్లును తెచ్చెను గాని అది శాసనము కాలేదు. కల్తీని పట్టుకొనుటకు ప్రభుత్వమువా రొక ఉపాయమును చేసిరి: వనస్పతిలో నూటికి అయిదు వంతులకు తక్కువగాకుండ నువ్వుల నూనె కలుపవలెనని నియమించిరి. నువ్వుల నూనె యొక రసాయన పరీక్షలో ఎఱ్ఱరంగు నిచ్చును. కావున నేతిలో వనస్పతి కలిసియున్నచో ఆ రంగే సాక్ష్యము చెప్పును.

అసలు కీడు మరియొక చోట దాగియుండెను. అది బయటపడుటకు చాలకాలము పట్టెను. సహజమైన నూనె అణువుల గొలుసు నడుమ వంపు తిరిగి యుండును. నూనెను పూర్తిగాగాక కొంతమట్టుకే గడ్డకట్టించినప్పుడు, నికెలు బల్లకట్టు నెక్కిన అణువులలో కొన్ని నడియేటినుండి వెనుకకు మరలి మొదటి యొడ్డుననే దిగును. దిగినప్పుడు వాని వంపు పోయి తిన్నని ఆకారము వచ్చును. వీనికే ట్రాన్స్ కొవ్వులని పేరు. లోహముతో క్షణికబంధ మేర్పడి విడిపోవునని సబాత్యే చెప్పినదానికి ఇదియు నొక నిదర్శనమే. 1990లో హాలెండు దేశపు పరిశోధకులు మెన్సింక్, కటాన్ అనువారు ఈ కొవ్వులు రక్తమున చెడ్డ కొలెస్టరాలును పెంచి, మంచిదానిని తగ్గించునని చూపిరి. ఆ తరువాతి పరిశోధనలు వీనికిని గుండెజబ్బులకును గల సంబంధమును దృఢపరచెను. భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థవారు నూనెలలో, కొవ్వులలో వీని పరిమితిని 2021లో నూటికి మూడు వంతులకును, 2022 జనవరినుండి రెండు వంతులకును తగ్గించిరి. పూర్తిగా గడ్డకట్టించిన కొవ్వులో ఈ దోషము ఇంచుమించుగా నుండదు. సగములో ఆపుటవలన వచ్చిన చిక్కు ఇది.

ఈ కీడునకు సబాత్యేను నిందింపవచ్చునా? ఆయన నూనెలను గడ్డకట్టింపలేదు. ఆ పేటెంటు ఆయనది కాదు. ట్రాన్స్ కొవ్వుల హాని తెలియునాటికి ఆయన గతించి అర్ధశతాబ్దమయ్యెను. అట్లని శాస్త్రమునకు ఫలముతో సంబంధమే లేదనుటయు సరిగాదు. గొట్టము చివర వచ్చిన వాయువును పరీక్షింపక విడువరాదని ఆయన నేర్పిన పాఠము కర్మాగారములకును వర్తించును. అచ్చట గడ్డకట్టినదా లేదా, తెల్లగా నున్నదా లేదా యని చూచిరి. తిన్నవాని దేహమున నేమి జరుగునని చూచుటకు దాదాపు తొంబదియేండ్లు పట్టినది. తప్పు నికెలుది కాదు; సగము లెక్కతో తృప్తిపడుటది.

ఆయన విద్యయొక్క మేలు మరియొకవైపున నేటికిని కనబడుచున్నది. 1902లో ఆయన బొగ్గుపులుసు వాయువునుండి నీటిని తీసెను గదా. 2010లో భూమిచుట్టు తిరుగు అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమున ఆ చర్యనే జరుపు యంత్రము నమర్చిరి. మనుష్యులు విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును ఉదజనితో కలిపి, త్రాగునీటికి పనికివచ్చు నీటిని దానినుండి రాబట్టిరి. టూలూజ్ పొయ్యిపై పుట్టిన విద్య భూమిని విడిచి ఆకాశమున కెక్కెను.

సబాత్యే 1913లో కర్బన రసాయనమున ఉత్ప్రేరకములనుగూర్చి గ్రంథమును ప్రకటించెను. 1920లో దానికి రెండవ కూర్పు వచ్చెను. అమెరికాలో దానిని ఇంగ్లీషులోనికి తర్జుమాచేసిరి. గృహజీవితమున ఆయన నలుగురు కుమార్తెల తండ్రి, మితభాషి. 1930లో పదవీవిరమణ చేసిన పిదపను పాఠములు చెప్పుట మానలేదు. 1941 ఆగస్టు 14వ తేదీన, ఎనుబదియారవ యేట, టూలూజ్‌లోనే కన్నుమూసెను. 1969లో అచ్చట ఏర్పడిన విశ్వవిద్యాలయమునకు ఆయన పేరే పెట్టిరి. అది అర్ధశతాబ్దమునకు పైగా ఆ పేరుతోనే వ్యవహరింపబడెను.

ఆయన జీవితమున గ్రంథాలయ పాఠకులు గమనింపదగిన విషయ మొకటి కలదు. మాండ్ కనుగొన్నది టూలూజ్‌కు అచ్చుకాగితముపై వచ్చెను. మ్వాసాన్ విడిచిన ప్రశ్నయు అచ్చుకాగితముపైననే వచ్చెను. సబాత్యే, సెండరెన్సులు కనుగొన్నది హెర్ఫోర్డుకు పోయినదియు అచ్చుకాగితముపైననే. రాజధానికి దూరముగా నున్నవానికి లోకమును దగ్గర చేసినది చదువుబల్ల. అది లేనిచో ఊరు విడువకుండుట బావిలో కప్పవలె నుండుటయే యగును. అది యున్నచో ఊరు విడువనక్కరయే లేదు. సబాత్యే గ్రంథము వెలువడిన మరుసటి యేడు, 1914లో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగెను. ఊరూర పుస్తకముండవలెనని ఆనాడు తలచిన పెద్దలకు టూలూజ్ ఆచార్యుని సంగతి తెలిసియుండనక్కరలేదు. వారు కోరినదియు, ఆయన బ్రదికి చూపినదియు ఒక్కటే: తెలివికి రాజధాని లేదు.

రజతోత్సవము జరుపుకొను గ్రామ గ్రంథాలయములోనికి వచ్చి కూర్చుండు బాలుడు ఏ పుస్తకములో ఏ పెద్దవాడు విడిచిపోయిన ప్రశ్నను పట్టుకొనునో ఎవరును చెప్పలేరు. అతడు దానిని చదివి ఊరకుండక, లెక్క సరిపోవువఱకు విడువకుండుగాక. తోడు నిలిచినవాని పేరును మరువకుండుగాక. తన పనివలన ఇరుగుపొరుగుల దేహములకు నేమి జరుగునో తుదివఱకు చూచుగాక. పాల్ సబాత్యే జీవితము మొదటిదానిని నిండుగా నేర్పుచున్నది. తక్కిన రెండును ఆయన కాలము మనకు మిగిల్చిన బాకీలు.